యాప్‌కు డబ్బుంది, అనువాదానికి లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆఫ్రికాలో టెక్నాలజీ అనగానే పత్రికల్లో ఎక్కువగా కనిపించేది ఎం-పెసా కథే. 2007లో కెన్యాలో సఫారీకామ్ మొదలుపెట్టింది, బ్యాంకు ఖాతా లేకపోయినా ఫోన్లోనే డబ్బు పంపుకోవచ్చు, అంతా నిజమే. కానీ దాని వెనక ఒక పెద్ద కంపెనీ ఉంది. వెనక ఎవరూ లేకుండా, నాలుగు దేశాల కుర్రకారు కలిసి పల్లెలకు పనికొచ్చేది ఏదైనా చేద్దామని కూర్చుంటే ఏమవుతుందో పెద్దగా ఎవరూ రాయరు. నేను నైరోబీలో ఉద్యోగం చేసిన రోజుల్లో, 2013 నుంచి 2018 వరకు, అలాంటి ఒక యువత నెట్‌వర్క్‌కి సాయంత్రాలూ శనివారాలూ పనిచేశాను. కెన్యా, ఉగాండా, కామెరూన్, టోగో వాళ్లు అందులో ఉండేవాళ్లు. ఈమధ్య తెలిసినవాళ్లు ఇద్దరు టాంజానియాలో ఇలాంటిదే పెడుతున్నాం, ఏ యాప్ వాడితే మంచిదని నన్ను అడిగారు. అడగాల్సింది అది కాదని వాళ్లకు చెప్పాను, ఆ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నా మొదటి పని సభ్యుల పట్టిక చూసుకోవడం. ఎక్సెల్‌లో వందల పేర్లు. డబ్బిచ్చిన సంస్థ మూడు నెలలకోసారి ఎంతమంది అయ్యారని అడిగేది, మేము సంఖ్య పెంచి పంపేవాళ్లం. పిలిస్తే పలికేవాళ్లు మాత్రం ముప్పై మంది కూడా లేరు. పేర్లిచ్చినవాళ్లు మోసగాళ్లేమీ కాదు, ఏదో శిక్షణకి వచ్చి సంతకం పెట్టి వెళ్లారు, అంతే. 2008 జనవరిలో కెన్యా ఎన్నికల గొడవల్లో ఉషాహిదీ అనే వెబ్‌సైట్‌ని కట్టినవాళ్లు గుప్పెడు మందే. స్వాహిలీలో ఆ మాటకి సాక్ష్యం అని అర్థం. ఎక్కడ ఏం జరిగిందో జనం ఎస్ఎంఎస్ పంపితే మ్యాప్ మీద పెట్టేవాళ్లు. బ్లాగుల ద్వారా వాళ్లకు అంతకుముందే పరిచయాలున్నాయి కాబట్టే కొద్ది రోజుల్లో అది నిలబడింది. మేము పరిచయం కాకముందే లోగో చేయించాం.

ఇక భాష సంగతి. వీడియో కాల్‌లో కలిసినప్పుడు అందరం ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లం. టోగో వాళ్లు, కామెరూన్‌లో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు నోరు విప్పేవాళ్లు కాదు. వీళ్లకి ఆసక్తి లేదని మా కోఆర్డినేటర్ తేల్చేశాడు, నేనూ తలూపాను (సిగ్గుగానే ఒప్పుకుంటున్నాను). కామెరూన్ రాజధాని యావుండేలో చదువుకుంటున్న ఒక అమ్మాయి మాత్రం ఎవరూ అడక్కుండానే ప్రతి కాల్ అయ్యాక విషయమంతా ఫ్రెంచ్‌లో ఒక పేజీ రాసి పెట్టేది, అటు నుంచి వచ్చిన జవాబుల్ని మాకు ఇంగ్లీషులో పంపేది. అప్పటిదాకా మూగగా ఉన్నవాళ్లు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు, మా ప్లాన్‌లో తప్పులు పట్టారు, టోగో రాజధాని లోమేలో పాత కంప్యూటర్ల విడిభాగాలతో ఏమేం చేయొచ్చో మాకు పాఠం చెప్పారు. అక్కడ 2013లోనే వోలాబ్ అనే చోట ఎలక్ట్రానిక్ చెత్తతో త్రీడీ ప్రింటర్ తయారుచేశారు మరి! ఆ అమ్మాయికి మేమిచ్చింది సున్నా. పదవి లేదు, జీతం లేదు, డేటా ఖర్చు కూడా ఆమెదే. బడ్జెట్‌లో యాప్‌కి డబ్బుంది, టీషర్టులకు ఉంది, అనువాదం అనే లైనే లేదు. చివరి ఏడాది పరీక్షలొచ్చి ఆమె తప్పుకుంది, రెండు నెలల్లో ఫ్రెంచ్ వైపు మళ్లీ నిశ్శబ్దం.

కామెరూన్‌లో భాష చిన్న విషయం కాదని నాకు బుర్రకెక్కింది 2017లో. కోర్టుల్లో, బడుల్లో ఫ్రెంచ్ రుద్దుతున్నారని ఇంగ్లీషు మాట్లాడే రెండు ప్రాంతాల లాయర్లు, టీచర్లు ఆందోళనకు దిగితే జనవరిలో ప్రభుత్వం ఆ రెండు ప్రాంతాలకీ ఇంటర్నెట్ కట్ చేసింది. 93 రోజులు! సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు పేరుపడిన బుయా ఊరు ఆ ప్రాంతంలోనే ఉంది, సిలికాన్ మౌంటెన్ అని పిలుచుకుంటారు. వాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం బస్సెక్కి ఫ్రెంచ్ వైపున్న డౌలా నగరానికి వెళ్లేవాళ్లు. తర్వాత ఇంగ్లీషు, ఫ్రెంచ్ ప్రాంతాల సరిహద్దు దగ్గర బొనాకో అనే పల్లెలో గది అద్దెకు తీసుకుని, దానికి ఇంటర్నెట్ శరణార్థి శిబిరమని పేరు పెట్టుకున్నారు. మా పనంతా వాట్సాప్ మీదే కాబట్టి బుయాలోని మా నలుగురూ ఒక్క రాత్రిలో మాయమయ్యారు. మామూలు ఫోనో, ఎస్ఎంఎస్సో చేసి పలకరించాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఖర్చు గురించి కూడా అంతే గుడ్డిగా ఉన్నాం. గంటసేపు వీడియో కాల్ నైరోబీ ఆఫీసులో కూర్చున్న నాకు ఉచితం, ఉగాండా పల్లెలో ఉన్న కుర్రాడికి ఆ వారం డేటా మొత్తం. వాళ్లు మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేస్తే (అక్కడ దాన్ని బీపింగ్ అంటారు) మా కోఆర్డినేటర్ విసుక్కునేవాడు. 2018 జులైలో ఉగాండా ప్రభుత్వం వాట్సాప్, ఫేస్‌బుక్ వాడాలంటే రోజుకు 200 షిల్లింగులు పన్ను కట్టాలంది. కొందరు పన్ను తప్పించుకోవడానికి వీపీఎన్ (ఎక్కడి నుంచి ఏ సైటు వాడుతున్నామో కనబడకుండా దాచే యాప్) పెట్టుకున్నారు, కొందరు గ్రూపులో కనిపించడం మానేశారు. 2021లో ఆ పన్ను తీసేసి డేటా మీదే 12 శాతం వేశారట. మేము ఎప్పుడో చేసి ఉండాల్సింది వీడియో మానేసి నాలుగు లైన్ల ఎస్ఎంఎస్‌లకు మారడం. చాలా ఆలస్యంగా మారాం, మారాక హాజరు పెరిగింది.

అమ్మాయిల విషయం ఒక్క మాటలో చెప్తాను. సాయంత్రం ఆరింటి మీటింగుకి రావట్లేదేంటి అని ఏడాది పాటు చర్చలు పెట్టాం, చీకటి పడ్డాక మతాతు (అక్కడి ప్రైవేటు మినీబస్సు) ఎక్కి ఇంటికెళ్లాలంటే భయమని ఒకమ్మాయి చెప్పేదాకా మగాళ్లం ఎవరం అడగలేదు. శనివారం పొద్దున్నకి మార్చాం, వచ్చారు.

డబ్బిచ్చేవాళ్లను కూడా ఒకటి అనాలి. వాళ్లకు ఎప్పుడూ కొత్త పైలట్, అంటే చిన్న ప్రయోగ ప్రాజెక్టు, కావాలి. ఉగాండాలో ఫోన్ ద్వారా ఆరోగ్యం అంటూ పైలట్లు ఎంత పెరిగాయంటే 2012 జనవరిలో ఆరోగ్య శాఖే ఇక కొత్తవి ఆపండి అని చెప్పాల్సి వచ్చింది. మాకూ అదే జబ్బు. ఏడాదికొక ప్రాజెక్టు, ఏడాదికొక పేరు, పాతదాని సర్వర్ అద్దె ఎవరు కట్టాలో తెలీదు. ఆఫ్రికన్ యూనియన్ (ఆఫ్రికా దేశాల కూటమి) చేసిన యువజన చార్టర్ ప్రకారం యువత అంటే 15 నుంచి 35 ఏళ్లు కదా, మా నాయకుల్లో ఇద్దరు ఆ గీత దాటి కూడా కుర్చీ వదల్లేదు. నలభైకి దగ్గరపడ్డ మనిషి యువత ప్రతినిధిగా మైకు పట్టుకుంటుంటే వెనక వరుసలో నవ్వుకునేవాళ్లం.

నేను తిరిగి వచ్చేశాక గ్రాంటు ఆగిపోయింది, నైరోబీ ఆఫీసు మూసేశారు, యాప్ ఇప్పుడు తెరుచుకోదు. ఉగాండా రాజధాని కంపాలాలో మాత్రం ముగ్గురు కుర్రాళ్లు ఒక గదిలో ఫోన్ రిపేరు నేర్పిస్తూనే ఉన్నారు, మా నెట్‌వర్క్ పేరు అక్కడ ఎక్కడా లేదు. మొన్న వాళ్లలో ఒకడు నాకు మిస్డ్ కాల్ ఇచ్చాడు. వెంటనే నేనే తిరిగి చేశాను.

ఇట్లు,
మీ పాఠకుడు