వార్షిక నివేదిక: పిల్లల ఆదివారం కార్యశాల

మన కాలనీ సంఘం గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, ఆగస్టు 15 జెండా పండగ, మొక్కలు నాటడం ఎప్పటిలాగే చక్కగా జరిగాయి. ఈ ఏడాది కొత్తగా చేసింది పిల్లల కార్యశాల. అందుకే దాని గురించే ఎక్కువగా చెబుతున్నాం.

మొదట రెడీమేడ్ సైన్స్ కిట్లు కొన్నాం. పిల్లలు బొమ్మ చూసి బిగించారు, బల్బు వెలిగింది, పెట్టె మూసేశారు. ఆ డబ్బు వృథా అయిందని కమిటీ ఒప్పుకుంటోంది. అప్పుడే ఒక సభ్యుడు తోలుబొమ్మల మాట ఎత్తారు. మన అనంతపురం వాళ్లకి అది ఇంటి విద్యే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు మీద బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

తోలుకు బదులు మన పిల్లలు డ్రాయింగ్ షీటు మీద హనుమంతుణ్ణి గీసి, రంగులు ఆరాక వేరుశనగ నూనె రాశారు. కాగితం పీచుల మధ్య గాలి ఉండే చోట నూనె చేరితే వెలుతురు చెదరడం తగ్గి, అవతలికి వస్తుంది. కిరీటం మీద సూదితో చిల్లులు పొడిచారు. వెనక దీపం పెడితే అవే నగలు!

మొదటిరోజు ట్యూబ్‌లైటు ముందు ఆడిస్తే నీడ అలుక్కుపోయింది. అంత పొడుగు లైటులో ఒక్కో చోటి నుంచి ఒక్కో నీడ పడుతుంది మరి. కారణం మేం చెప్పలేదు, వాళ్లనే తేల్చుకోనిచ్చాం. చాలాసేపు వాదించుకున్నాక ఆరో తరగతి పాప ట్యూబ్ ఆపేసి, వాళ్లమ్మ ఫోన్ టార్చి పట్టుకుంది. తెర మీద హనుమంతుడి వేళ్లు కూడా కనిపించాయి. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ స్పష్టంగా ఉంటుందని, దీపం వైపు జరిపితే పెరుగుతుందని వాళ్లే కనిపెట్టారు. అశోకవనంలో సీతమ్మ ముందు హనుమంతుడు పెరిగే ఘట్టాన్ని అలాగే ఆడించారు.

హనుమంతుడి తోకకు సర్వో మోటారు (చెప్పినన్ని డిగ్రీలు తిరిగి ఆగే చిన్న మోటారు), దాన్ని కోడ్‌తో నడిపే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టారు. మొదట తోక ఒక్క ఉదుటున ఎగిరిపడింది. డిగ్రీ డిగ్రీకి కాస్త ఆగేలా కోడ్ మార్చాక నెమ్మదిగా ఊగింది. దసరాకి ఆడిన ఆటలో పద్యాలు మన కాలనీ అవ్వలవి, తెర చట్రం మన వడ్రంగి అన్న చేసింది. కిట్లు ఇవ్వని ఉత్సాహం ఇక్కడ కనిపించింది, ఎందుకంటే తోక ఊగకపోతే ఆట ఆగిపోతుందన్న టెన్షన్ నిజంగానే వాళ్లది.

వచ్చే ఏడాది పిల్లల్ని నిమ్మలకుంటకు తీసుకెళ్లాలని తీర్మానించాం. నేర్పే కళాకారులకు తగిన పారితోషికం ఇచ్చి తీరాలని కమిటీ అభిప్రాయం. ఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది. ఇంట్లో పాత తెల్ల దుప్పట్లు, పాడైన బొమ్మ కార్లు ఉంటే సంఘం గదిలో ఇవ్వండి. ఆ కార్లలోని మోటార్లు మాకు పనికొస్తాయి.

ఇట్లు,
కార్యదర్శి