నువ్వొచ్చే ముందు నాన్న సంగతి

ఒరేయ్ మామా,

సంక్రాంతికి వస్తున్నా అని మెసేజ్ పెట్టావ్ కదా, ఫోన్లో చెప్తే నువ్వు సగం వినవు, అందుకే కూర్చుని రాస్తున్నా. మా గడప తొక్కగానే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. నాన్న ముందు నిలబడి "బాబాయ్, నేనెవరో చెప్పుకో చూద్దాం" అంటావ్. ఆ ఒక్కటీ అనకురా. వచ్చిన ప్రతివాళ్లదీ అదే పరీక్ష. మా పెద్దత్త నాలుగుసార్లు అడిగి చివరికి ఏడ్చుకుంటూ వెళ్లింది, ఈయన ఆ పూట అన్నం ముట్టలేదు.

నాన్నకి డిమెన్షియా, అదే మతిమరుపు జబ్బు, అని తేలి రెండేళ్లయింది. స్పీచ్ థెరపీ అంటే పోయిన మాటలు మళ్లీ తెప్పిస్తారేమో అనుకున్నా. మొదట తీసుకెళ్లిన చోట పిల్లల బొమ్మల చార్ట్ పెట్టి "ఏనుగు, అనండి" అన్నారు, నాన్న "నేనేమన్నా ఎల్‌కేజీనా" అని చెప్పులేసుకుని బయటికొచ్చేశాడు (మాటలు రావంటారు, కోపంలో ఎంత స్పష్టంగా వచ్చాయో). ఇప్పుడొచ్చే థెరపిస్ట్ అమ్మాయి మొదటిరోజు ఆయన్నేం అడగలేదు. ముందు చెవులు టెస్ట్ చేయించమంది, వినపడక జవాబు చెప్పట్లేదేమో అని. తర్వాత ఏం ఉద్యోగం చేశారని నన్నడిగింది. ఆర్టీసీ కండక్టర్, విజయవాడ హైదరాబాద్ రూట్ అన్నా. పక్కన కూర్చుని "ఇబ్రహీంపట్నం..." అంది, అంతే, నాన్న అందుకున్నాడు, కంచికచర్ల, నందిగామ, చిల్లకల్లు, కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్... స్పూన్‌ని స్పూన్ అనలేని మనిషిరా! కానీ మధ్యలో ఆపి కోదాడ తర్వాతేంటి అంటే మాత్రం తెలీదు, మళ్లీ ఇబ్రహీంపట్నంలో ఎక్కాల్సిందే. ఏళ్ల తరబడి నోటికొచ్చినవి, అంకెలు, వారాలు, పాటలు, గొలుసులాగా వచ్చేస్తాయట, విడిగా ఒక్క మాట వెతికి తెచ్చుకోవడమే కష్టమట.

కొత్తవి అస్సలు ఎక్కవనుకోకు. నీళ్లెక్కడ అని ఆ అమ్మాయి నాన్నని అడిగి "టేబుల్ మీద చెంబులో" అని తనే చెప్పేసి, వెంటనే ఒకసారి అడిగింది, అర నిమిషానికి ఒకసారి, నిమిషానికి, రెండు నిమిషాలకి, నాలుగు నిమిషాలకి, ఇలా గ్యాప్ పెంచుకుంటూ పోయింది. తప్పితే ఆలోచించమని సతాయించదు, టక్కున జవాబు చెప్పేసి మళ్లీ చిన్న గ్యాప్‌కి వచ్చేస్తుంది. తప్పు జవాబు నోట్లో పడితే అదే పాతుకుపోతుందట. ఇప్పుడు నాన్నే చెంబు దగ్గరికెళ్తున్నాడు. అన్నట్టు, నీళ్లకి దగ్గొస్తుంటే అదీ ఆ అమ్మాయే చూసింది, మింగడం కూడా స్పీచ్ థెరపీ వాళ్ల పనేనంట, నాకిప్పటిదాకా తెలీదు.

అసలు ట్రైనింగ్ మాకేరా. టీవీ కట్టెయ్, ఎదురుగా కూర్చో, ఒక్కసారికి ఒక్క మాటే, అడిగాక మనసులో పది లెక్కపెట్టు. "ఏం తాగుతావ్" కాదు, గ్లాసులు చూపించి "టీయా, పాలా". ఆ పది లెక్కపెట్టడం ఎంత నరకమో నీకు చెప్పలేను, అమ్మయితే మూడుకే అందిచ్చేస్తుంది. మొన్న అన్నం పెడుతుంటే నాన్న "హోల్డాన్" అన్నాడు. నేను "చాలు అనాలి నాన్నా" అనబోయా, ఆ అమ్మాయి కళ్లతోనే ఆపింది. అర్థమైందిగా, ఇంకేం కావాలి? ఇప్పుడు మా ఇంట్లో ముద్ద కావాలంటే రైట్, వద్దంటే హోల్డాన్.

ఇంకోటి చెప్పాలి. 2013లో న్యూరాలజిస్ట్ సువర్ణ అల్లాడి గారి టీం హైదరాబాద్‌లో 648 మంది పేషెంట్లని చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి డిమెన్షియా నాలుగున్నరేళ్లు లేటుగా వచ్చిందని రాశారు. నాన్న బస్సులో తెలుగు, ఉర్దూ రెండూ దంచేవాడు కదా, మరి ఈయనకెందుకొచ్చింది అని ఆ అమ్మాయిని అడిగా. "లేటుగానే వచ్చిందేమోనండీ" అంది. దానికేం అంటాం.

నువ్వొచ్చాక ముందు నీ పేరు నువ్వే చెప్పు, పక్కన కూర్చో, ఇబ్రహీంపట్నం అను. మనం బస్సాట కోసం నాన్న బ్యాగ్‌లోంచి కొట్టేసిన టికెట్ పంచ్ నీ దగ్గరే ఉందని నాకు ఎప్పట్నుంచో అనుమానం. ఉంటే తీసుకురా, ఏమీ అనను.