మూడు నెలలకో కాగితం సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

జైలు ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మతి చెదిరిన ఖైదీ మాట వస్తే చాలు, ‘నటిస్తున్నాడేమో’ అంటారు. నటించేవాళ్లు ఉండొచ్చు. కానీ నేను ఎక్కువగా చూసింది ఏ గొడవా చేయనివాళ్లనే. అరిచేవాడు, తల గోడకు కొట్టుకునేవాడు అందరి కంటా పడతాడు. గోడవైపు తిరిగి పడుకుని పళ్లెం ముట్టనివాణ్ని మాత్రం ‘వీడితో ఇబ్బంది లేదు’ అని వదిలేస్తారు. ఈలోగా జబ్బు ముదిరిపోతుంది.

చట్టం లేక కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా మానసిక చికిత్స కేంద్రం ఉండాలి. జైల్లో సైకియాట్రిక్ వార్డు లేకపోతే, ఈ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు అనుమతితో రోగిని బయటి మానసిక ఆసుపత్రికి మార్చవచ్చు. జైల్లో మానసిక రోగులెవరూ లేరని అక్కడి వైద్యాధికారి మూడు నెలలకోసారి బోర్డుకు ధ్రువీకరించాలి. ఉంటే, ఎందుకు పంపలేదని బోర్డు వచ్చి అడగవచ్చు.

నా బాధంతా ఈ మూడు నెలల కాగితం గురించే. జ్వరాలు, గాయాలు చూసుకునే డాక్టరుకు వందల మందిలో నోరు విప్పని ఆ ఒక్కడు ఎలా కనిపిస్తాడు? ఆయన్ని తప్పుపట్టను. ‘లేరు’ అని రాస్తే పని అయిపోతుంది. ‘ఉన్నారు’ అని రాస్తే అనుమతి రావాలి, బెడ్ దొరకాలి, ఎస్కార్ట్ పోలీసులు రావాలి. వాళ్లు వేరే బందోబస్తుకు వెళ్తే ఆసుపత్రి తేదీ తప్పిపోతుంది. అలా తేదీలు తప్పడం నేను కళ్లారా చూశాను.

ఎన్ని రోజుల్లో పంపాలో ఆ సెక్షన్‌లో లేదు. ఇంగ్లండ్‌లో 28 రోజుల గడువు పెట్టుకున్నారు. అక్కడా అది తరచూ దాటుతుంది, కానీ లెక్క ఉంది కాబట్టి దాటిందని తెలుస్తుంది. మనకూ గడువు కావాలి. ఎంతమందిని గుర్తించారు, ఎందరిని ఎన్ని రోజుల్లో పంపారు అన్నది ప్రతి బోర్డూ బయటపెట్టాలి. పంపడమంటే విడుదల చేయడం కాదు. కాపలా ఉండే వార్డులు కట్టాలి, అక్కడి సిబ్బందికీ రక్షణ ఉండాలి.

పంపి మరిచిపోవడం ఇంకో ప్రమాదం. అస్సాంలో 1951లో అరెస్టయిన ఒకాయన్ని మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో ఆరోగ్యం కుదుటపడిందని డాక్టర్లు చెబితే, ఇంటికి కాకుండా మళ్లీ జైలుకే తీసుకెళ్లారు. విచారణే జరగకుండా 54 ఏళ్లు గడిచాయి. 2005లో రూపాయి పూచీకత్తుపై బయటికొచ్చేసరికి ఆయన వయసు 77.

ఇలా చేరినవారి పరిస్థితిపై ఆసుపత్రి వైద్యాధికారి ఆరు నెలలకోసారి ప్రత్యేక నివేదిక ఇవ్వాలని ఇప్పటి చట్టం చెబుతోంది. దాని నకలు ఖైదీ కుటుంబానికి, విచారణ జరిపే కోర్టుకు కూడా తప్పనిసరిగా అందేలా ప్రభుత్వం వెంటనే ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత జైలు నర్సు