మన బోట్ల రాత్రి దీపాల చందా: జమా ఖర్చుల వివరణ

మన జాలరి కుప్పం పెద్దలకి, అన్నదమ్ములకి, చందా ఇచ్చిన అక్కచెల్లెళ్ళకి నమస్కారం.

చెన్నై కాసిమేడు రేవు నుంచి వేటకి వెళ్ళే మన 14 ఫైబర్ బోట్లకి రాత్రి దీపాలు, అంటే ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క పచ్చ, పైన తెలుపు, బిగించే పని పూర్తయింది. చివరి బోటుకి పోయిన ఆదివారం బిగించాం. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాం, దేనికెంత అయింది, ఎక్కడ వృథా అయింది, అన్నీ ఇందులో ఉన్నాయి. డబ్బు మీది కాబట్టి వృథా అయిన దాని గురించే కాస్త ఎక్కువ రాస్తున్నాం.

ముందు జమ. బోటుకి 1,500 చొప్పున అనుకున్నాం. 12 బోట్ల వాళ్ళు పూర్తిగా కట్టారు, అది 18,000. ఇద్దరు సగం, అంటే 750 చొప్పున 1,500 కట్టారు. ఇళ్ళలో ఇబ్బందులున్నాయి, మిగతాది తరువాత ఇస్తామన్నారు. వాళ్ళ పేర్లు ఎవరూ అడగొద్దు, మేమూ చెప్పం. గంగమ్మ జాతరలో మిగిలిన 6,200 దీనికి వాడుకోవచ్చని మీటింగులో అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. బోటు లేని 31 మంది 100 నుంచి 1,000 దాకా ఎవరికి తోచింది వాళ్ళు ఇచ్చారు, మొత్తం 9,450. ఇందులో చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగే అక్కల డబ్బు కూడా ఉంది. మొగుడో కొడుకో సముద్రం మీదుంటే రాత్రి నిద్ర పట్టనిది వాళ్ళకే. తీసేసిన పాత రాగి వైరు అమ్మితే 340 వచ్చింది. మొత్తం జమ 35,490 రూపాయలు.

ఈ పని ఎందుకు మొదలైందో అందరికీ తెలుసు. చలికాలంలో ఓ తెల్లవారుజామున, మంచులో, మన బోటు ఒకటి రేవు ముఖం దగ్గర సెల్‌ఫోన్ లైటు ఊపుతూ వస్తుంటే ఓ పెద్ద మరబోటు చేతికందేంత దగ్గర నుంచి దూసుకుపోయింది. నలుగురు మనుషులు, ఇంజను, వలలు, అన్నీ దేవుడి దయ వల్ల మిగిలాయి. 2017 జనవరి 28న ఎన్నూరు బయట, కామరాజర్ పోర్టు దగ్గర, రెండు పెద్ద ఓడలు చీకట్లో గుద్దుకున్నాయి. వాటి నుంచి కారిన నల్ల నూనెని ఒడ్డున బకెట్లతో ఎత్తిపోయడం మనవాళ్ళు ఇంకా మరిచిపోలేదు. అంతంత ఓడలకే అలా జరిగినప్పుడు, దీపం లేని ఫైబర్ బోటు ఎవరికి కనబడుతుంది?

ఇప్పుడు ఖర్చు. మొదట తప్పు చెప్పాలి. 3,150 రూపాయలు మా తొందరపాటు వల్ల పోయాయి. చవకగా వస్తుందని పండగలకి ఇళ్ళ ముందు అంటించే తెల్ల ఎల్‌ఈడీ పట్టీ కొని, దాని మీద ఎర్ర కాగితం, పచ్చ కాగితం చుట్టి 4 బోట్లకి పెట్టాం. మూడు వారాలు కూడా నిలవలేదు. తెల్ల ఎల్‌ఈడీలో నీలం, పసుపు వెలుగు ఎక్కువ, ఎరుపు తక్కువ. దాని మీద ఎర్ర కాగితం వేస్తే చాలా వెలుగు కాగితమే మింగేసి మసక రంగు మిగులుతుంది. దూరం నుంచి అది ఎరుపో నారింజో తెలియలేదు. పట్టీ 12 వోల్టులకి చేసింది. సెల్ఫ్ స్టార్ట్ ఇంజను ఉన్న మన 3 బోట్లలో ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ 14 వోల్టులు దాటుతుంది, దానికి ఎల్‌ఈడీలు వేడెక్కి ఒక్కొక్కటే ఆరిపోయాయి. అన్నిటికంటే పెద్ద తప్పు, నీళ్ళు చొరకుండా అతుకుల మీద పూసే సిలికాన్. వెనిగర్ వాసన వచ్చే రకం వాడాం. అది ఆరేటప్పుడు వదిలే పులుపు రాగిని తినేస్తుంది. విప్పి చూస్తే అతుకులు పచ్చగా పొడిపొడి అయ్యాయి. తోడు ఉప్పునీరు ఉండనే ఉంది. ఆ 4 బోట్ల వాళ్ళకి కమిటీ తరఫున క్షమాపణ.

రెండోసారి, చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో రెండు రోజులు తిరిగి, అడిగి తెలుసుకుని కొన్నాం. ఎరుపుకి ఎర్ర ఎల్‌ఈడీయే, పచ్చకి పచ్చదే, తెలుపుకి తెల్లవి, అన్నీ ఒక వాట్‌వి. బోటుకి 5 చొప్పున 70, స్పేర్ 10, కలిపి 80. ఒక్కోటి 22, మొత్తం 1,760. కరెంటుని ఒకే మోతాదులో ఉంచే చిన్న బోర్డులు, కొట్లలో డ్రైవర్ అంటారు, స్పేర్‌తో కలిపి 45, ఒక్కోటి 60 చొప్పున 2,700. ఇందులో మొదట తెచ్చిన రకం పెడితే వాకీలో, అంటే బోటు రేడియోలో, 16వ ఛానెల్ మీద గరగర శబ్దం వచ్చింది. ఆపద వస్తే మనం పిలిచే ఛానెలే అది. కొట్టువాడితో మాట్లాడి వేరే రకానికి మార్పించాం, అదనంగా ఏమీ తీసుకోలేదు.

పీవీసీ గొట్టాలు, మూతలు, అక్రిలిక్ గొట్టాలు 3,640. తగరం పూత ఉన్న వైరు 170 మీటర్లు, మీటరు 38 చొప్పున 6,460. మామూలు వైరు ఇందులో సగానికే వస్తుందని కొందరు అన్నారు. నిజమే, కానీ పైన చెప్పిన పచ్చ పొడి చూశాక మాకు ధైర్యం చాలలేదు. వాసన రాని న్యూట్రల్ సిలికాన్ 9 ట్యూబులు 2,340, ఎపాక్సీ జిగురు 1,250, ఫ్యూజులు, స్విచ్‌లు 14 సెట్లు 1,330, స్టీలు స్క్రూలు, క్లాంపులు 1,120, ఆటో ఖర్చులు 780. బ్యాటరీ లేని 11 బోట్లకి 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు, ఒక్కోటి 950, మొత్తం 10,450. అందరూ వంతులవారీగా వాడుకోడానికి ఛార్జర్లు 5, మొత్తం 1,900. టీ, టిఫిను చందాలోంచి తీసుకోలేదు.

పని చేసినందుకు ఎవరికీ కూలి లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో పెద్ద మరబోట్లు కట్టేసి ఉంటాయి కదా, వాటిలో పనికి వెళ్ళే మన కుర్రాళ్ళు ఖాళీగా ఉన్నారు, వాళ్ళే చేశారు. టంకం పనంతా మన వీధిలో డిప్లొమా చదివే అబ్బాయిది. తెల్ల దీపం నిలబెట్టే 14 గొట్టాలు రేకుల షెడ్డు విప్పిన ఒక అన్న ఊరికే ఇచ్చాడు.

ఎక్కువ సమయం పట్టింది దీపాల పక్కన పెట్టే నల్ల పలకలకి. దీని మీద చాలామంది విసుక్కున్నారు కాబట్టి చెబుతున్నాం. సముద్రంలో ఓడలు గుద్దుకోకుండా పెట్టిన 1972 నాటి అంతర్జాతీయ నియమాల ప్రకారం ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క పచ్చ, ఒక్కోటి నేరుగా ముందు నుంచి పక్క దాటి కొంచెం వెనక దాకా, 112.5 డిగ్రీలు మాత్రమే కనబడాలి. ఎదుటివాడికి ఎరుపు ఒక్కటే కనబడితే మన ఎడమ పక్క వాడి వైపు ఉందని అర్థం. రెండూ కనబడితే నేరుగా మీదికే వస్తున్నామని అర్థం. ఎరుపు వెలుగు అణియం (బోటు ముందు కొస) దాటి అవతలి పక్కకి కారిందంటే పక్కగా పోతున్న బోటు కూడా మీదికొస్తున్నట్టు కనబడుతుంది. అలాంటి దీపం ఎదుటివాడిని తప్పుదారి పట్టిస్తుంది. అందుకే ప్రతి బోటుకీ దారం కట్టి, కోణం కొలిచి, పలక కోసి, మెరవని నల్ల రంగు పూశాం. తెల్ల దీపం చుట్టూ కనబడాలి, పక్క దీపాల కంటే కనీసం ఒక మీటరు ఎత్తులో ఉండాలి.

పరీక్షించకుండా ఏదీ బిగించలేదు. రాత్రి గట్టు మీద నిలబడి, ఫోన్లో దూరం చూసుకుంటూ బోటుని పంపాం. 12 మీటర్ల లోపు బోటుకి పక్క దీపాలు ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్లు, తెల్లది రెండు మైళ్ళు కనబడాలి. 14 బోట్లవీ కనబడ్డాయి. మూడు దీపాలూ కలిపి అర ఆంపియరు తీసుకుంటాయి. బ్యాటరీ లెక్క ప్రకారం 14 గంటలు రావాలి, కానీ అడుగంటా దించితే త్వరగా పాడవుతుంది. 8 గంటలు వెలిగితే ఛార్జింగ్ పెట్టండి.

మొత్తం ఖర్చు 36,880. జమ కంటే 1,390 ఎక్కువ. ఇది ప్రస్తుతం కమిటీలో ముగ్గురు చేతి నుంచి పెట్టారు. రావలసిన 1,500 వచ్చాక వాళ్ళకి తిరిగి ఇచ్చేసి, మిగిలే 110 ఫ్యూజులకి ఉంచుతాం.

రెడీమేడ్ కొంటే పోయేది కదా అన్నవాళ్ళకి: దీపాల సెట్టు ఒక్కటే 4,800 చెప్పారు, 14కి 67,200. మనకి బ్యాటరీలు, ఛార్జర్లు తీసేస్తే, వృథా అయింది కూడా కలిపి, బోటుకి 1,752 పడింది. అయితే ఇవి ఇంట్లో చేసినవి, ముద్ర వేసిన సర్టిఫికెట్ వీటికి లేదు. బోటు పరీక్షలో ఎవరైనా అడిగితే ఉన్నమాటే చెప్పండి. వల వేసి ఉన్నప్పుడు వెలిగించాల్సిన ఎరుపు కింద తెలుపు దీపాలు ఈ డబ్బులో రాలేదు. దానికి వేరే చందా అడగాలా వద్దా అన్నది మీరే చెప్పాలి.

బిల్లులన్నీ గంగమ్మ గుడి పక్కన కమిటీ గదిలో ఫైలులో ఉన్నాయి. సాయంత్రం 6 తరువాత ఎవరైనా వచ్చి చూడొచ్చు. రిచీ స్ట్రీట్‌లో రెండు చిన్న కొట్లు బిల్లు ఇవ్వలేదు, 410 రూపాయలకి చేతిరాత కాగితమే ఉంది. స్పేర్ ఎల్‌ఈడీలు 10, డ్రైవర్లు 3 డిప్లొమా అబ్బాయి దగ్గరున్నాయి. దీపం ఆరితే మీరు విప్పకండి, అతన్ని పిలవండి.