కొత్త కాని మామిడికాయ

విశాఖపట్నం,
మే నెల, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన శేషూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. జవాబు రాయనందుకు నువ్వు నన్ను ఏయే మాటలతో తలుచుకుంటున్నావో నాకు తెలుసు కనుక, అన్నింటినీ ముందుగానే శిరసావహిస్తున్నాను. నాన్నగారి కంటి ఆపరేషను బాగా జరిగింది, చిన్నది పదో తరగతి గట్టెక్కింది, మేడ మీది గది ఇంకా పూర్తి కాలేదు. ఇంటి సంగతులు ఇంతటితో సరి. నీకు చెప్పవలసింది ఒక మామిడికాయ గురించి. వార్డెను గారి పెరటి గోడ, మురుగు కాలువ, మూడో కాయ నీకు గుర్తుకు వచ్చి ఉంటాయి. నవ్వడం ఆపి చదువు.

మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర పనిచేసే కొండదొర తెగ కుర్రాడు ఫాల్గుణంలో తన ఊరికి రమ్మన్నాడు. పొద్దున్నే కిరండూల్ రైలెక్కి, బొర్రా గుహలు, శిమిలిగుడ దాటి అరకులో దిగి, అక్కడి నుంచి జీపులో డుంబ్రిగూడ వైపు వెళ్ళాము. ఊరి మొదట్లోనే ఒక పెద్ద మామిడిచెట్టు ఉంది. కొమ్మలు చేతికందేంత కిందికి వాలి ఉన్నాయి, గుత్తులు గుత్తులుగా కాయలు. కుర్రాడు సామాను పెట్టి వస్తానని లోపలికి వెళ్ళాడు. నా సంచీలో ఉప్పూకారం పొట్లం ఉంది. అది ఎందుకు ఉందని నన్ను అడిగే అర్హత నీకు లేదు.

కాయ కోశాను. కొరకబోయే సమయానికి కుర్రాడి మామ్మ ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి, నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుంది. కేకలు వేయలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆ కాయను చెట్టు మొదట్లో పెట్టి, "అది ఇంకా కొత్త అవనేదు బాబూ, దేవతే తిననేదు, నువ్వెలాగ తింతావు?" అంది. నేనేమో చదువుకున్నవాడిని కదా, ఊరుకోలేక, ఒక్క కాయే కదమ్మా, చెట్టు నిండా ఉన్నాయి కదా అన్నాను. ఆమె నా ముఖం వంక చూసి నవ్వి, "అందరూ ఒక్కటే కదా అంతారు" అని వెళ్ళిపోయింది. ఆ మాటకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

రాత్రి చోడి (రాగి) అంబలి తాగుతూ కుర్రాడు వివరంగా చెప్పాడు. కొత్త పంట ఏదైనా సరే, ముందు పండుగ జరగాలి, తరువాతే నోటికి. కొర్రలకు కొర్ర కొత్త, చిక్కుడుకు చిక్కుడు కొత్త, మామిడికి మామిడి కొత్త. ముహూర్తాలు చూసే దిసారి మంచిరోజు చెప్పాలి, ఊరి దేవతకూ పెద్దలకూ నైవేద్యం పెట్టాలి, అప్పటిదాకా పిల్లలు సైతం చెట్టు కింద ఆడుకుంటారే గాని కాయ ముట్టరు. దీనిని మూఢనమ్మకమని నేను కొట్టిపారేద్దామనుకుంటూ ఉండగా, మామ్మ మూల నుంచి ఒక బుట్ట లాగి చూపించింది. అందులో నిరుటి మామిడి టెంకలు ఉన్నాయి. ఆషాఢ, శ్రావణ మాసాల్లో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు, టెంక పగలగొట్టి, జీడి తీసి ఎండబెట్టి, దంచి, వగరు పోయేదాకా నీళ్ళలో నానబెట్టి, ఆ పిండితో అంబలి కాచుకుంటారట. పిందె మీద పిందె కోసుకు తింటే జీడి ముదరదు, వానాకాలంలో కుండ నిండదు. కొత్త పండుగకూ ఈ బుట్టకూ ఉన్న సంబంధం వాళ్ళెవరూ నాకు చెప్పలేదు, అది నేను ఊహించుకున్నదే. మామ్మను అడిగితే, దేవత కోసమే ఆగుతామని తేల్చి చెప్పింది.

అయితే శేషూ, వీళ్ళను "ప్రకృతి ఒడిలో పసిపాపలు" అని రాసే మన పత్రికల ధోరణిని నేను ఇకపై భరించలేను. ఆ టెంకల అంబలి వెనుక ఆకలి ఉంది. 2001లో, ఇక్కడికి పొరుగున ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో, అటువంటి అంబలి తాగిన జనం చనిపోతే, అవి ఆకలి చావులా, విషాహారపు చావులా అని పెద్దలు వాదించుకున్నారు. చెట్టును కాపాడుకునే మనిషికి ఆ చెట్టు మీద హక్కు ఎంత ఉందంటే, అది ఇంకో పెద్ద కథ. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద, అంటే అడవి కొట్టి కాల్చి చేసే కొండ సేద్యం మీద, ఆంక్షలు మొదలయ్యాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి పోలీసు స్టేషను మీదికి వెళ్ళిన మన్యం జనం కడుపులో ఉన్నది ఆ మంటే. మొన్నమొన్నటి సంగతి తీసుకో. మనం రైల్లో కేకలు వేస్తూ సొరంగాలు లెక్కపెట్టుకున్న బొర్రా పరిసరాల్లోనే గనుల లీజుల గొడవ జరిగింది. గిరిజనుల హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ వేసిన కేసులో, గిరిజనుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. మనం డిగ్రీలు పుచ్చుకున్న ఊరికి ఇంత దగ్గరలో జరిగినదాన్ని నేను ఈ వయసులో, ఇరవై ఆరేళ్ళ కుర్రాడి నోట విన్నాను.

సరే, మళ్ళీ కాయ దగ్గరకు వస్తాను. చైత్రంలో పండుగకు రమ్మని కబురు వచ్చింది, వెళ్ళాను. ఆ ఉదయం మామిడి ముక్కలు వేసి వండిన అన్నాన్ని పెద్దల పేరు చెప్పి ఆకుల్లో పెట్టారు. ఒక కోడిని కోశారు, నేను అటు చూడలేదు, నువ్వు ఉంటే నా వీపు తట్టి ఎగతాళి చేసేవాడివి. తరువాత మామ్మ ఒక కాయ కోసి, మొదటి చీలిక నాకే ఇచ్చింది, ఇప్పుడు తిను బాబూ అంది. పులుపుకు కళ్ళు మూతపడ్డాయి. రాత్రి మోరి, కిరిడి, తుడుము మోగుతుంటే ఆడవాళ్ళు ఒకరి నడుము వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకుని ధింసా ఆడారు. నన్నూ వరుసలోకి లాగారు. నా అడుగుల సంగతి నీకు తెలిసిందే, హాస్టలు వార్షికోత్సవంలోని రెండో వరుస విషయం ఇక ఎత్తవద్దు.

తిరిగి వచ్చేటప్పుడు, రైలు శృంగవరపుకోట దాటాక, నాకు ఒక విషయం తట్టి ఒళ్ళు చల్లబడింది. మా నాయనమ్మ కూడా ఉగాది పచ్చడిలో మామిడి ముక్క పడేదాకా మమ్మల్ని పిందె ముట్టనిచ్చేది కాదు. చెట్టెక్కితే కర్ర పట్టుకుని తరిమేది. ఎందుకని అడిగితే, దేవుడికి పెట్టాలిరా అనేది. మేము దాన్ని నవ్వి మరిచిపోయాము, ఇప్పుడు మా ఇంట్లో ఫిబ్రవరి నుంచే రైతుబజారు మామిడికాయ పప్పు ఉడుకుతుంది. అంటే మామ్మ నా చేతిలోంచి తీసుకున్న కాయ, ఒకప్పుడు మా ఇంట్లోనూ... ఈ ముక్క సరిగ్గా రాయలేకపోతున్నాను, నువ్వు వచ్చినప్పుడు బీచి రోడ్డులో నడుస్తూ చెబుతాను.

ఆవకాయకు కాయలు తుడవమని కింది నుంచి మూడోసారి పిలుపు వచ్చింది. ఈసారి గొంతులో తేడా వినిపిస్తోంది. జాడీ నీకు జూన్‌లో పంపిస్తా

నీ,
మూడో కాయ దొంగ