స్టాంపు పేపరుతో కేసు పోదు బావా

కావలి,
ఆదివారం

బావా,

నిన్న ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. తిరునాళ్లలో ప్రభ దగ్గర తోపులాట, మన చిన్నోడు ఏ-4, అంటే కేసులో నాలుగో నిందితుడు, ఇంక జైలే అన్నట్టు మాట్లాడావు. నేను చెప్పింది సగం నువ్వు వినలేదు, అందుకే ఈ ఉత్తరం. నేనేమీ ప్లీడర్ని కాను. మా బామ్మర్ది పుణ్యాన కోర్టు మెట్లు ఎక్కీ దిగీ నేర్చుకున్న నాలుగు ముక్కలే ఇవి.

చిన్నోడి పేరున పోలీసులు ఇచ్చింది కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ కింద 35(3) నోటీసు. దాన్నే ఇదివరకు పాత సీఆర్‌పీసీలో 41ఎ అనేవాళ్లు, ఇప్పటికీ చాలామంది నోట అదే పేరు. అది అరెస్టు కాదు. అరెస్టు చేయకుండా పిలిచి అడగడానికి ఇచ్చే కాగితం. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో ఊరికే పట్టుకెళ్లి లోపలేయకూడదని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అట్టాగని దాన్ని బీరువాలో దాచి గమ్మునుండొద్దు. పిలిస్తే రాలేదన్న వంకతోనే అరెస్టు చేయొచ్చు. చెప్పిన రోజున వెళ్లండి, వెంట లాయరును తీసుకెళ్లండి. చిన్నోడికి ఒక్కటి చెప్పు: ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని. తన మీదికి తెచ్చుకునే మాట చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు, రాజ్యాంగంలోనే ఉంది. ఒకవేళ అరెస్టు చేసినా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ముందస్తు బెయిల్ కావాలా వద్దా అన్నది సెక్షన్లు చూసి లాయరు చెప్పాలి, నేనూ కాదు, మీ వీధి చివర టీకొట్టు వాళ్లూ కాదు.

"పెద్దల్లో పెట్టి రాజీ చేసుకుంటాంలే" అన్నావే, అక్కడ గుండె గుభేలుమంది బావా. మా బామ్మర్ది కథ నీకు పూర్తిగా చెప్పలేదు. 2023 ఎండాకాలంలో రొయ్యల గుంట ఉప్పునీళ్లు పక్క వాళ్ల వరి చేలోకి పోయాయని గొడవ. మాటా మాటా పెరిగి కర్ర లేచింది. పాత చట్టం ఐపీసీలో 323 (చేత్తో కొట్టడం), 324 (ఆయుధంతో కొట్టడం), 506 (బెదిరించడం) కింద కేసు కట్టారు. ఆర్నెల్లకు ఊరి పెద్దలు కూర్చోబెట్టి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఆ రాత్రి రెండిళ్ల వాళ్లూ కలిసి చేపల పులుసు కూడా తిన్నారు! కేసు అయిపోయిందనుకుని మా వాడు వాయిదాలకు పోవడం మానేశాడు. లాయరు ఫోన్ చేసినా ఎత్తలేదు, ఫీజు అడుగుతాడని. సంక్రాంతి ముందు రోజు, అత్తమ్మ అరిసెలు వండుతుంటే, కానిస్టేబుల్ వారెంటు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. పరుగున పోయి వారెంటు వెనక్కి తీసుకోమని కోర్టులో రీకాల్ పిటిషన్ వేసుకుంటే గానీ ఊపిరి ఆడలేదు.

ఎందుకంటే ఫిర్యాదు ఇచ్చింది పక్క చేను వాళ్లే గానీ, కేసు నడిపేది సర్కారు. వాళ్లు వద్దన్నంత మాత్రాన పోదు. కొన్ని సెక్షన్లలో కోర్టులోనే రాజీ పడొచ్చు, లోక్ అదాలత్‌లో ఒక్క పూటలో తేలిపోతాయి. ఆ 324 మాత్రం రాజీకి కుదరని సెక్షన్. దానికోసం అమరావతిలో హైకోర్టుకు పోయి కొట్టేయించుకోవాల్సి వచ్చింది. మీది కొత్త చట్టం. 2024 జూలై 1 నుంచి జరిగిన వాటికి ఐపీసీ బదులు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్లే. కర్రతో కొట్టారని రాస్తే 118(1), చేత్తో అయితే 115(2). మీ ఎఫ్ఐఆర్‌లో ఏది రాశారో ముందు చూడు, రాజీ సంగతి తర్వాత.

ఇంకోటి. కోర్టు వరండాలో ఎవడో ఒకడు "తప్పు ఒప్పుకుంటే ఫైన్ కట్టి పోవచ్చు, ఎందుకీ తిరుగుడు" అంటాడు. మా వాడూ దాదాపు ఒప్పేసుకున్నాడు, చెయ్యి పట్టి లాగాను. ఫైన్ కట్టినా అది శిక్షే, నేరం రుజువైనట్టే. డిగ్రీ చదివే పిల్లోడికి రేపు ఉద్యోగంలో పోలీస్ వెరిఫికేషన్ వస్తుంది. అప్పుడు కేసు సంగతి దాచినా ముప్పే. ఉన్నది ఉన్నట్టు రాయడమే మేలు.

లాయరు సంగతి. పెద్ద పేరున్న ఆయన కోసం నెల్లూరు దాకా వెతకొద్దు, ఒంగోల్లోనే రోజూ క్రిమినల్ కోర్టులో నిలబడే మనిషిని చూడు. ఫీజు బెయిల్‌కెంత, విచారణకెంత అని మొదటే అడుగు, మొహమాటం వద్దు. "కొట్టేయిస్తే ఇంత" అని బేరం పెట్టేవాడి దగ్గరికి పోవద్దు, గెలుపు మీద ఫీజు తీసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. చిన్నోడు ఆయనకు మాత్రం నిజం చెప్పాలి, నిజంగా చెయ్యెత్తి ఉంటే అదీ చెప్పాలి. వాడు చెప్పింది ఆయన బయటపెట్టకూడదు, చట్టమే కట్టేసింది. ఆ ఏ-2 కుర్రాడి వాళ్లమ్మ కూలికి పోతుందన్నావు కదా, 15100కి ఫోన్ చేయమను. న్యాయసేవాధికార సంస్థ వాళ్లు అర్హత చూసి ఉచితంగా లాయరును పెడతారు.

శుక్రవారం నేనే వస్తున్నా. పొద్దున కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కు దిగుతాను. ఎఫ్ఐఆర్ కాపీ, నోటీసు రెండూ జిరాక్స్ తీసి ఉంచు. ఆ స్టాంపు పేపరు కొనేసి ఉంటే మాత్రం సంతకాలు ఆపు, నేను వచ్చేదాకా.

నీ బావ