రెండో బ్యాటరీ పెట్టిస్తే బండి ఒక రాత్రి మా దగ్గరే

"సాయంత్రానికి బండి ఇచ్చేస్తావా అన్నా?" రెండో బ్యాటరీ కోసం మా అనంతపురం షాపుకి వచ్చేవాళ్లంతా అడిగేది ఇదే. ఇకమీదట కుదరదు. బిగించడానికి ఒక పూట చాలు, పరీక్షకు రాత్రంతా కావాలి. బండి మర్నాడే ఇస్తాం.

టిఫిన్ బండయినా, మైకు బండయినా, గండికోటకు క్యాంపింగ్‌కు పోయే జీపయినా ఇంజిన్ ఆపాక లైట్లు, ఫ్రిజ్ నడవాలి, పొద్దున సెల్ఫ్ కొడితే స్టార్ట్ కావాలి. రెండో బ్యాటరీ అందుకే. పాత బండ్లకు రిలే, అంటే వోల్టేజిని బట్టి దానంతటదే పడే స్విచ్, సరిపోతుంది. డైనమో ఛార్జింగ్ సుమారు 13.3 వోల్టులు దాటగానే రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, 12.8కి పడితే విడదీస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్‌6 (కొత్త కాలుష్య నియమాల) బండ్లలో చాలావాటికి ఈ లెక్క పనికిరాదు. ఇంధనం మిగలాలని, మెయిన్ బ్యాటరీ నిండగానే బండి కంప్యూటరే డైనమో వోల్టేజి తగ్గిస్తుంది. రిలే విడిపోయి, రెండో బ్యాటరీ అరకడుపుతో ఉండిపోతుంది. అలాంటి బండికి, డైనమో వోల్టేజి తగ్గినా దాన్ని పెంచి రెండో బ్యాటరీని నింపే డీసీ-డీసీ ఛార్జర్ తప్ప వేరేది బిగించను. ఖర్చు బాగా ఎక్కువే. రిలేతో కానిచ్చే షాపు దొరికితే అక్కడికే వెళ్లండి, నాకేం కోపం లేదు.

పరీక్షలో ముందు ఛార్జింగ్ నడుస్తుండగా కేబుల్ రెండు చివర్లా వోల్టేజి చూస్తాం. తేడా అర వోల్టు దాటితే కేబుల్ సన్నదై ఉంటుంది, లేదా కేబుల్ చివరి లగ్గు (బిగించే రింగు) సరిగా నొక్కలేదు, లేదా బండి బాడీకి కలిపే ఎర్త్ వైరును పెయింటు మీదే బిగించారు. తర్వాత మీ ఫ్రిజ్, మీ లైట్లే వేసి వదిలేస్తాం. తెల్లారి రెండో బ్యాటరీ 12.2 వోల్టుల కంటే దిగకూడదు, మెయిన్ బ్యాటరీ వోల్టేజి తగ్గకూడదు. రెండు బ్యాటరీల దగ్గరా ఫ్యూజు ఉండాల్సిందే, దీనిమీద బేరం లేదు.

చిన్న ఫ్రిజ్ నడిచేటప్పుడు 4 యాంపులు లాగుతుంది. ఆగుతూ నడుస్తూ సగటున 2 అనుకున్నా రోజుకు 48 ఏహెచ్ (యాంపులను గంటలతో గుణించిన లెక్క). 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి కాబట్టి ఒక్క రోజు వస్తుంది. మన ఎండాకాలంలో కంప్రెసర్ ఆగేదే తక్కువ, ఆ ఒక్క రోజు కూడా అనుమానమే. లిథియం పెట్టిస్తే ఇంజిన్ పక్కన అసలు పెట్టను, ఆ వేడికి తట్టుకోదు.

ఫోన్ ఛార్జింగు, రెండు ఎల్ఈడీ లైట్లే మీ అవసరమైతే ఇదంతా దండగ.

వచ్చేటప్పుడు మీరు వాడే ఫ్రిజ్, యాంప్లిఫయర్ తెచ్చుకోండి. వేరుశెనగ బస్తాలు మాత్రం దింపేసి రండి, రాత్రి వాటికి కాపలా కాయలేను.